మేడ మీది క్లాసు

చరిత్ర చెప్పే మాస్టారికి కాలేజీలో ఇంకో పేరుండేది, అర్జీల మాస్టారని. ఎవరికి అన్యాయం జరిగినా కాగితం పట్టుకుని బయల్దేరేవారు. ఆయన చెప్పులు రోడ్ల మీద కన్నా ఆఫీసు గుమ్మాల్లోనే ఎక్కువ అరుగుతాయని భార్య ఎగతాళి చేసేది.

చక్రాల కుర్చీలో వచ్చే అమ్మాయి ఆయన క్లాసులో చేరినప్పుడు, కాలేజీ ముందు మెట్ల పక్కన ర్యాంపు కట్టాలని పట్టుబట్టారు. పిల్లల చేత సంతకాలు పెట్టించారు, ప్రిన్సిపాలుతో మాటామాటా అనుకున్నారు, ఏడాది తిరిగి సాధించారు.

ఈలోగా ఆ పిల్లని తోటి విద్యార్థులిద్దరు రోజూ కుర్చీతో సహా మేడ మీది క్లాసుకి మోసేవారు. "తప్పుకోండి, మహారాణిగారి పల్లకీ వస్తోంది" అనేవాళ్లు. ఆ పిల్లా నవ్వేది, మాస్టారూ నవ్వేవారు.

ర్యాంపు ప్రారంభం రోజున రిబ్బను ఆ అమ్మాయి చేతే కత్తిరింపజేశారు. చప్పట్లు, ఫొటోలు. ప్రిన్సిపాలు మాస్టారి భుజం తట్టి, "ఇకనైనా నన్ను వదిలేస్తారా?" అన్నాడు. కుర్చీ సాఫీగా ర్యాంపెక్కి, వరండాలో మేడమెట్ల దగ్గర ఆగింది.

మోసే కుర్రాడు చేతులు రుద్దుకుంటూ, "పద మహారాణీ" అన్నాడు.

"వద్దులేరా. రేపట్నుంచి రాను, మానేస్తున్నా."

మాస్టారు బిత్తరపోయారు. "అదేంటమ్మా, ఇప్పుడేగా దారి పడింది?"

"వరండా దాకా పడింది సార్. పైకెక్కితే మళ్లీ సాయంత్రం దాకా దిగలేను. బాత్రూమేమో కింద. అందుకని పొద్దున్నుంచి నీళ్లు తాగను. మొన్న కళ్లు తిరిగి పడ్డా. ఇక చాల్లే అంది మా అమ్మ."

"నాకొక్క మాట చెప్పొచ్చుగా?"

"నా కోసం అంత తిరిగారు. ఇంకా అడగడానికి మొహం చెల్లలేదు సార్."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. మేడ మీది గది ఆయన కోరి తీసుకున్నదే, గాలి బాగా వస్తుందని. కింద బళ్ల స్టాండు పక్క గది ఖాళీగానే ఉండేది. రొదగా ఉంటుందని ఆయనే వద్దన్నారు. దానికి అర్జీ అక్కర్లేదు, తన పుస్తకాలు తను కిందికి తెచ్చుకుంటే సరిపోయేది. ఏడాది పాటు ఆ ముక్క తట్టలేదు. తట్టలేదో, తట్టనివ్వలేదో.

"రేపొక్కరోజు రామ్మా. కింద చెబుతాను" అన్నారు, ఆమె మొహం చూడలేక.

మర్నాడు బళ్ల రొదలో గొంతు చించుకుని పాఠం చెప్పారు. మధ్యలో ఆ పిల్ల పక్కమ్మాయిని సీసా అడిగి గటగటా నీళ్లు తాగింది. ఎవరూ పట్టించుకోలేదు. మాస్టారు మాత్రం బోర్డు వైపు తిరిగి, రాసిందే మళ్లీ రాస్తూ ఉండిపోయారు.

ప్రిన్సిపాలు రిబ్బను ఫొటోకి ఫ్రేము కట్టించి మాస్టారింటికి పంపాడు. భార్య మురిసిపోతూ మేకు వెతుకుతుంటే, "దాన్ని గోడకెక్కించకు" అన్నారు. ఎందుకో ఆ రోజు చెప్పలేదు. చాన్నాళ్లకు, అన్నం ముందు కూర్చుని చెప్పారు, తల ఎత్తకుండానే.

ఆయన పోయాక కాలేజీ వాళ్లు సంతాపసభలో పెట్టడానికి మంచి ఫొటో కావాలన్నారు. అందరికీ గుర్తున్నది ఆ రిబ్బను ఫొటోనే. భార్య బీరువా తీసి, దాన్ని చీర మడతల కిందే ఉంచి, ఇంకోటి తెచ్చి ఇచ్చింది.