దుబాయ్ ఎంత దూరం

పక్కగది పెద్దమ్మ పొద్దున ఏడింటికి పోయింది. అప్పుడు నేను మెకానికల్ డిప్లొమా రెండో ఏడాదిలో ఉన్నాను. వరసగదుల మా చాల్ వరండాలో చాపలు పరిచి, పెద్దలు పది నిమిషాల్లో మూడు సంగతులు తేల్చేశారు. ఒకటి, మహబూబ్‌నగర్ పల్లెలో ఉన్న ఆమె తమ్ముడికి కబురు పెట్టాలి. పుట్టింటివాళ్లు చీర తెచ్చి కప్పందే ఆడమనిషిని లేపకూడదు. రెండు, అతను వచ్చేదాకా శవాన్ని ఐసు మీద ఉంచాలి. మూడు, తలకొరివి చిన్నకొడుకు పెట్టాలి. పెద్దకొడుకు దుబాయ్‌లో వెల్డరు. అతనికి తర్వాత ఉత్తరం రాస్తే చాలన్నారు.

నాగ్‌పాడా నుంచి తోపుడుబండి మీద నాలుగు ఐసు దిమ్మెలు తెచ్చాను. ఆ తర్వాత చిన్నకొడుకు ఆ ఉత్తరం నన్నే రాయమని, అన్న పంపిన పాత కవరు చేతికిచ్చాడు. దాని మీద కంపెనీ చిరునామా, ఫోన్ నంబరు అచ్చయి ఉన్నాయి. పల్లె నుంచి బస్సు పద్దెనిమిది గంటలు కదా, దుబాయ్ నుంచి ఎంతో చూద్దామని అట్లాసు తీసి స్కేలు పెట్టాను. ఏడున్నర సెంటీమీటర్ల పైచిలుకు. సుమారు పందొమ్మిది వందల కిలోమీటర్లు. విమానం వేగంతో భాగిస్తే, ఎక్కడం దిగడం కలిపినా మూడు గంటలు.

నమ్మకం కుదరక మళ్లీ కొలిచాను. మూడోసారి కూడా అంతే వచ్చింది. వరండాలోకి, పెద్దలందరిలోకీ పెద్దయిన చివరిగది పెద్దనాయన దగ్గరికి పరిగెత్తాను.

"పెద్దనాయనా, దుబాయ్ అన్న వస్తడు. విమానంల మూడు గంటలే."

"మూడు గంటలల్ల పూణే గూడ రాదురా ఇంజినీరూ! దుబాయ్ ఏమన్న దాదర్ పక్కకున్నదా? నడుమ సముందర్ ఉన్నది."

"లెక్క చేసిన."

"రెండేండ్లకొక్కపారి వస్తడు వాడు. దగ్గరుంటే గట్లెందుకొస్తడు?"

అందరూ తలలూపారు. మనిషి ఎన్నాళ్లకు తిరిగొస్తే ఊరు అంత దూరం. వాళ్ల కొలత అదే. చిన్నకొడుకు మాత్రం కవరు అందుకుని, "పా, ఫోన్ చేద్దాం" అన్నాడు. గ్రాంట్ రోడ్ దాకా నడిచి ట్రంక్ కాల్ బుక్ చేశాం. సాయంత్రానికి లైను దొరికింది.

మర్నాడు తెల్లవారి ఆరింటికి టాక్సీ ఆగింది. పెద్దకొడుకు దిగాడు. పల్లె బస్సు ఇంకా రాలేదు. చాపల మీది పెద్దలంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

"ఎంతసేపు పట్టెరా?" అన్నాడు పెద్దనాయన.

"మూడు గంటలు, కాకా."

అతను తల్లి పక్కన కూలబడి, ఐసుకు తడిసిన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఓడల ఎనిమిది దినాలైతదని అమ్మకు నేనే చెప్పిన. మూడు గంటలని ఎరుకైతే, పండుగ పండుగకు రమ్మని ఏడుస్తదని."

చిన్నకొడుకు వచ్చి అన్న పక్కన కూర్చున్నాడు.

"గదే నమ్మి, నిన్ను పిలువకుంటనే లేపుతుంటిమి అన్నా" అన్నాడు.