తలుపు పిడికి కట్టిన నిమ్మకాయ

ఆ రోజుల్లో నా మోకాళ్ళు ఇంకా నా మాట వినేవి. నేను మాత్రం ఎవరి మాటా వినేదాన్ని కాదు. ఇంట్లో ఏ తలుపైనా తెరిచి కనిపిస్తే ఒళ్ళు మండిపోయేది. ఫ్రిజ్ తలుపు తీసి, ఏం కావాలో అప్పుడు ఆలోచించే కోడలిని ఎన్నిసార్లు కేకలేశానో. అలాంటిదాన్ని, ఆకాశంలో, తెరుచుకున్న తలుపు పక్కన చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చింది.

మా కూతురి కూతురు ఒక చోట నిలవదు. అందుకే దాన్ని పిచ్చుక అంటాం. అది విమానం నడపడం నేర్చుకుని, లైసెన్సు రాగానే మొదట నన్నే ఎక్కిస్తానంది. "డబ్బు దండగ. మాచర్ల పోవాలంటే బస్సుంది గదే" అన్నాను. వినలేదు. వెల్దుర్తి నుంచి బయలుదేరి, కృష్ణ దాటి, విమానాలుండే మైదానానికి వెళ్ళాం. చూస్తే ఆ విమానం మా ఊరి ఆటోకు రెక్కలు తగిలించినట్లుంది. పిచ్చుక నాకు బెల్టు బిగించి, నా పక్క తలుపు వేసి, లాగి చూసి, చుట్టూ తిరిగి అవతలి వైపు వెళ్ళింది. ఆ సందులో నా పని నేను చేశాను. ట్రాక్టరుకైనా, మోటారుసైకిలుకైనా నిమ్మకాయ, మిరపకాయలు కట్టకుండా మా ఇంట్లో చక్రం కదలదు. (విమానానికి మాత్రం దిష్టి తగలదా?) కొంగున ముడేసి తెచ్చిన దండను తలుపు పిడికి గట్టిగా బిగించాను.

పైకి లేచాం. కింద మిరప కల్లాలు ఎర్రచీరలు ఆరేసినట్లున్నాయి. ఇంకా కళ్ళారా చూడనేలేదు, ఠప్‌మని నా పక్క తలుపు తెరుచుకుంది. బెత్తెడు సందు, చెవులు చిల్లులు పడే హోరు. నా చెయ్యి దానంతటదే తలుపు మీదికి పోయింది.

"అమ్మమ్మా, దాన్ని ముట్టుకోమాక" అంది పిచ్చుక, చెవులకు తగిలించిన డిప్పల్లోంచి.

"తలుపు తీసుందే పిల్లా."

"తెలుసు. ఉండనీ."

"ఉండనియ్యడమేందే? పక్కకి ఆపు, మూసుకుని పోదాం."

"ఇక్కడ పక్కేముంది అమ్మమ్మా? బెల్టుంది, నువ్వు పడవు. గాలి తోస్తా ఉంటది, అది ఇంతకంటే తెరుచుకోదు, నువ్వు లాగినా మూసుకోదు. నువ్వు దాంతో కుస్తీ పడితే నేను నిన్ను చూడాల. నన్ను ముందుకు చూడనీ."

గొంతు పెంచలేదు. కానీ పెదవి కొరుక్కుంటోంది. చిన్నప్పుడు లెక్క రాకపోతే అలాగే కొరికేది. నాకు తలుపు కంటే అది చూసే ఎక్కువ భయం వేసింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఆ తలుపు కొట్టుకున్న ప్రతిసారీ నా చేతులు దురద పెట్టాయి. (నా జన్మలో అంత కష్టమైన పని చేయలేదు, మిరపకాయలు కోయడంతో సహా.) పిల్ల తొందరపడకుండా విమానాన్ని తిప్పి, పూలబుట్ట దించినట్లు నేల మీద దించింది.

ఆగాక నా వైపు వచ్చి పిడిని చూసింది. "అమ్మమ్మా, ఇదేంది?"

"దిష్టికి."

"ముడి బిగించేటప్పుడు పిడి తిరిగి ఉంటది."

"తిరిగితే తిరిగింది. అది కట్టకపోతే ఇంకేమయ్యేదో."

పిచ్చుక పకపకా నవ్వింది. నవ్వుతుండగానే దాని చేతులు వణకడం మొదలుపెట్టాయి. వణుకు తగ్గేదాకా వాటిని పట్టుకున్నాను; నా చేతులకూ అప్పటికి ఒక పని దొరికింది.

ఇప్పుడు గాలికి వీధి తలుపు టపటపా కొట్టుకుంటే పరుగెత్తను. పొయ్యి మీది పాలు దించుకుని, ఆ తరువాత నిదానంగా వెళ్ళి మూస్తాను. మా కోడలు దాన్ని ముసలితనం అనుకుంటోంది. అనుకోనీ.