ఆఖరి అయిదు సెకన్లు

మా రెఫరీ సార్ పోయారు. దుకాణం తెరిచి ఆ రోజు లెక్క మొదలుపెట్టబోతుంటే, సాస్తి గని బాస్కెట్‌బాల్ జట్టు పాత కెప్టెన్ స్కూటర్ ఆపి, దిగకుండానే చెప్పాడు.

"సార్ ఇగ లేడు మునీమ్. పొద్దుగాల బూట్లకు తెల్లరంగు పూస్కుంట కూసున్నడట. గట్లనే ఒరిగిపోయిండట."

ఒక బూటుకు రంగు పూర్తయింది, రెండోదానికి సగమే అయిందని తర్వాత ఇంట్లోవాళ్లు చెప్పారు.

సార్ చంద్రపూర్‌లోనే ఒక బడిలో ఆటల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. చుట్టుపక్కల బాస్కెట్‌బాల్ పోటీ ఎక్కడ జరిగినా ఈల ఆయన మెడలోనే ఉండేది. నేను ధాన్యం దుకాణంలో రోజువారీ లెక్కలు రాసే మనిషిని. చదివింది మరాఠీ బడిలో, అదీ ఏడో తరగతి వరకే. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక సొంతంగా దిద్దుకున్నాను. నాకు మాట తక్కువ, రాత కుదురు. ఆ రాత చూసే సార్ నన్ను పోటీల్లో స్కోరు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. లెక్కలు రాసే గుమాస్తాను కాబట్టి అందరిలాగే ఆయనా నన్ను మునీమ్ అనే పిలిచేవారు.

ఊళ్లోకి కేబుల్ వచ్చాక మా పొద్దులు మారాయి. వేసవిలో అమెరికా బాస్కెట్‌బాల్ ఆఖరి పోటీలు మనకు తెల్లవారాక వచ్చేవి. ఎండ ముదరకముందే కేబుల్ దుకాణం ముందు, చాయ్ బండి పక్కన ఇరవైమందిమి చేరేవాళ్లం. ఆట అయిపోయేది కానీ తగాదా అయ్యేది కాదు. ఆ రోజు ఇచ్చిన ఫౌల్ మీద, పోయిన ఏడాది ఫైనల్లో ఇవ్వని ఫౌల్ మీద కొట్లాడుతూనే ఉండేవాళ్లు.

"గది ఫౌల్ ఎట్లయితది? చెయ్యి తాకనే లేదు!"

"పైసలు తిన్నడు. సాఫ్ కనవడ్తలేదా?"

సార్ అందరి మాటా విని, ఒక్క ప్రశ్న అడిగేవారు. "నువ్వెక్కడ కూసోని చూసినవ్?"

ఒకరోజు కేబుల్ దుకాణం ఆయన మరీ గట్టిగా అరుస్తుంటే, సార్ బెంచీ మీద రెండు చాయ్ గ్లాసులు, వాటి వెనక ఒక అగ్గిపెట్టె పెట్టారు. ఆయన్ను ఇటువైపు గొంతుక్కూర్చోమన్నారు. అసలే లావు మనిషి, అందరూ నవ్వులు.

"అగ్గిపెట్టె కనవడ్తుందా?"

"లేదు సార్. గ్లాస్ అడ్డమొస్తుంది."

"రెఫరీ గక్కడ్నే ఉన్నడు. టీవోడు నీకు మూడు దిక్కుల నుంచి మూడు సార్లు చూపెట్టిండు. గాయనకు ఒక్కటే దిక్కు, ఒక్కటే సారి."

"అయితే గాయన్ది తప్పు కాదంటవా?"

"తప్పే. తప్పని చెప్పు. దొంగ అని చెప్పకు. ఇగ లే, మోకాళ్లు వడ్తయ్."

దొంగ అన్న మాట సార్ నోట వచ్చినప్పుడల్లా నేను తల దించుకునేవాణ్ని. ఎందుకంటే సార్‌ను దొంగ అన్నవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. దానికి కారణం నేను.

కేబుల్ రాకముందు మాట. సాస్తి గని జట్టుకూ బల్లార్‌పూర్ జట్టుకూ ఫైనల్. గడియారం చూడవలసిన మనిషి ఆ రోజు రాలేదు. సార్ నా చేతిలో స్టాప్‌వాచీ కూడా పెట్టి, "రెండూ నువ్వే చూస్కో మునీమ్" అన్నారు. ఆట చివరికొచ్చింది. అయిదు సెకన్లు మిగిలాయి, సాస్తి ఒక్క పాయింటు ముందుంది. సార్ ఈల వేసి సాస్తి మీద ఫౌల్ ఇచ్చారు. నేను వాచీ ఆపి, ఫౌల్ చేసినవాడి నంబరు పుస్తకంలో ఎక్కిస్తున్నాను. ఈలోగా బల్లార్‌పూర్ వాళ్లు పక్కగీత బయటి నుంచి బంతి లోపలికి విసిరేశారు. బంతి అందుకున్న క్షణానే నేను వాచీ నొక్కాలి. దుకాణంలో ముప్పూటలా చేసే పని కదా, వేసిన నంబరు కింద గీత గీసేదాకా నా చెయ్యి కలం వదల్లేదు. తలెత్తేసరికి బంతి పరుగెడుతోంది. అప్పుడు నొక్కాను. బల్లార్‌పూర్ ఆటగాడు ఇద్దరిని తప్పించుకుని బుట్టలో వేశాడు.

"టైం అయిపోయింది! అయిపోయింది!" అని సాస్తి కెప్టెన్ అరుస్తున్నాడు. సార్ నా వైపు తిరిగారు.

"టైం ఉన్నదా?"

వాచీలో ఇంకా ఒక సెకను ఉంది. "ఉన్నది సార్" అన్నాను.

బుట్ట లెక్కలోకి వచ్చింది, కప్పు అవతలివాళ్లకు పోయింది. "బిక్‌గయా రెఫరీ" అని, రెఫరీ అమ్ముడుపోయాడని గ్రౌండంతా అరిచింది. ఆ తర్వాత రెండేళ్లు పెద్ద పోటీలకు సార్‌ను ఎవరూ పిలవలేదు. నేను నోరు విప్పలేదు. ఆ రెండేళ్లూ ఆయన బడి పిల్లల పోటీలకు ఈల వేశారు. ప్రతిసారీ నన్నే బల్ల దగ్గరికి పిలిచారు. వాచీ చేతికిస్తూ, "ముందు ఇది నొక్కు, తర్వాత రాయి" అనేవారు.

పోయినేడు వేసవిలో టీవీలో అచ్చం అలాంటిదే జరిగింది. గడియారం ఆలస్యంగా కదిలిందని, ఆ బల్ల దగ్గరివాడు కావాలనే చేశాడని అందరూ విరుచుకుపడ్డారు. నేను గ్లాసు బెంచీ మీద పెట్టేశాను. సార్ నా వైపు చూడకుండానే, "గాయన సుత మనిషే కద. ఏదో పనిల ఉండొచ్చు" అన్నారు. ఇంటిదారిలో ఆయన పక్కన సైకిల్ నడిపించుకుంటూ అంతా చెప్పేశాను.

"ఎరుకే" అన్నారు. "స్కోరు పుస్తకం ఇంటికి తెచ్చుకున్నంక చూసిన. ఆఖరి ఫౌల్ కాడ నంబరు కుదురుగ ఉన్నది, కింద గీత సుత సక్కగ ఉన్నది. కన్ను గడియారం మీదుంటే గంత సక్కగ ఎవడు రాస్తడు? అప్పటికే కప్పు బల్లార్‌పూర్ పోయింది."

"మరి నా పేరు చెప్పలేదేంది సార్?"

"రెండు పనులు ఒక్కని చేతిల వెట్టింది నేను. గడియారం మనిషి వచ్చేదాక ఆట ఆపుంటే అయిపోతుండె. నీ పేరు చెప్పి నేను తప్పించుకుంటనా?"

అందరికీ చెప్పెయ్యనా అని అడిగాను. "నా పేరు కోసమైతే వద్దు. నీ మనసు కోసమైతే నీ ఇష్టం" అన్నారు. చెప్పాలనుకుంటూనే ఏడాది గడిపేశాను.

సార్ పోయిన మూడోనాడు చాయ్ బండి దగ్గర చేరాం. సాస్తి కెప్టెన్ కళ్లు తుడుచుకుంటూనే, "మంచి మనిషి. గా ఒక్క బుట్ట తప్ప" అన్నాడు. అప్పుడు చెప్పాను. ఇరవైమంది ముందు నేను అంతసేపు మాట్లాడడం అదే మొదలు. నా దగ్గరే ఉండిపోయిన సార్ స్టాప్‌వాచీ జేబులోంచి బయటికి తీశాను. కెప్టెన్ చెయ్యి చాచి తీసుకున్నాడు.

"గప్పుడు రాసినట్టే రాయి" అని మీట నొక్కాడు.

చాయ్ బండి మీది పాత పేపరు ముక్క మీద ఫౌల్ నంబరు వేసి, కింద గీత గీశాను. చివరిదాకా, తిన్నగా.

"మూడు" అన్నాడు కెప్టెన్ ముల్లు చూసి, నెమ్మదిగా. "మూడు సెకన్లకు గా మనిషిని ఏడేండ్లు తిట్టిన."

వాచీ మీది నుంచి చూపు తిప్పి గ్రౌండు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆపే మీట నొక్కడం మరిచిపోయాడు. ఆయన గుప్పిట్లో ముల్లు తిరుగుతూనే ఉంది.