నన్ను బావా అని పిలిచినవాడు

భద్రాచలం నుంచి మా విలేకరి పంపిన వార్త చిన్నది. ఆశ్రమ పాఠశాల ఉపాధ్యాయుడు గుండెపోటుతో మృతి. పేరు, ఊరు చూసి విలేకరికి ఫోన్ చేశాను. "అవ్ సార్, పొద్దున బడికి తయారైతా కూలబడ్డడంట. మీకు తెల్సా?" అన్నాడు. తెలుసన్నాను. చివర "ఆయనకు భార్య, కుమార్తె ఉన్నారు" అని చేర్చి పేజీకి పంపాను. ఇలాంటి వార్తలు ఆ వాక్యంతోనే ముగుస్తాయి.

చనిపోయినవాడు నా రూమ్మేట్. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో ఖమ్మంలో పీజీ చదువుతూ ఒకే కిరాయి గదిలో ఉన్నాం. నాది పెనుబల్లి పక్కన వ్యవసాయం చేసుకునే ఇల్లు. అతనిది చర్ల దారిలో, అడవి లోపలి కోయ ఊరు. చారు పోసుకునే ముందు నా కంచం వైపు చూసి, నాకు సరిపోతుందనుకుంటేనే పోసుకునేవాడు. నా చొక్కాలు మాత్రం అడక్కుండా తొడుక్కునేవాడు. "ఉతికి పెడ్తున్న గదరా, ఇంకేంది?" అనేవాడు.

మా క్లాసులో ఒకమ్మాయి ఉండేది. ఆమె అంటే నాకు ఇష్టమని క్లాసంతటికీ తెలుసు. అతనన్నా అంతే ఇష్టమని ఎవరికీ తెలియదు. అలాంటివాళ్లను బైసెక్సువల్ అంటారని లైబ్రరీలో ఒక ఇంగ్లిష్ పత్రికలో చదివాను. ఆ మాట ఖమ్మంలో ఎవరితో అనాలో మాత్రం ఆ పత్రికలో లేదు.

ఏడాది తిరిగేసరికి వాళ్లిద్దరూ దగ్గరయ్యారు. ఆమె అతనితో క్యాంటీన్‌లో టీ తాగితే అతని మీద కుళ్లు. అతను నా నీలం చొక్కా ఇస్త్రీ చేసుకుని ఆమె కోసం బయల్దేరితే ఆమె మీద కుళ్లు. ఒక్కోసారి రెండూ ఒకే సాయంత్రం. క్లాసువాళ్లు నన్ను ఓదార్చేవాళ్లు. "పోనీరా, పిల్ల పోతే పోయింది. దోస్తు ఉన్నడు గదా!" వాళ్లకు తెలిసింది సగమే.

మొదటి ఏడు పరీక్షలయ్యాక భూమి పండుగకని అతను మమ్మల్నిద్దరినీ తన ఊరు తీసుకెళ్లాడు. ఆ పండుగకు మగవాళ్లు అడవికి వేటకు వెళ్తారు. ఉత్త చేతులతో తిరిగొస్తే ఊరి మొదట్లో ఆడవాళ్లు పేడనీళ్ల కుండలతో కాచుకుని ఉంటారు. అయితే ఎవరు పడితే వాళ్లు పోయకూడదు. బావామరదళ్లు, వదినామరుదులు, అలా పరాచికాల వరస ఉండాలి. మేం వెళ్లిన రోజు ఒక్క కుందేలూ దొరకలేదు. పొద్దు వాలుతుండగా ఊరు చేరాం. పరుగులు, కేకలు, నవ్వులు. మా క్లాసమ్మాయి చేతిలోనూ ఒక కుండ ఉంది.

"నీకు ఎవలు వరసైతరే పిల్లా?" అని అతని మేనత్త అడిగింది.

ఆ అమ్మాయి నడిచొచ్చి కుండ అతని నెత్తిన బోర్లించింది. ఊరంతా గొల్లుమంది. నాకు ఆ ఊళ్లో ఏ వరసా లేదు. నా మీద ఎవరూ చుక్క పోయలేదు. తడిసిన మగవాళ్ల మధ్య నేనొక్కణ్ణే పొడిగా నిలబడి, పోసిన ఆమెనూ తడిసిన అతన్నీ చూస్తున్నాను.

వాగులో ఒళ్లు కడుక్కుంటూ అతనే అడిగాడు. "ఏందిరా, అందరు నవ్వుతుంటే నువ్వొక్కనివి గట్ల మొహం పెట్టినవ్? ఆ పిల్ల మీద మనసుందా?"

చెబితే ఇద్దరూ దూరమవుతారు. చెప్పకపోతే రెండో ఏడు కూడా అదే గదిలో ఆ కుళ్లుతో ఉండాలి.

"ఉంది. నీ మీద కూడా ఉంది. తమాషాకు అంటలేను," అన్నాను.

చెవి కడుక్కుంటున్నవాడు ఆగాడు. "మస్తు దినాల నుంచా?"

"అవ్."

"నాకు నీ మీద గట్ల లేదురా. ఆ పిల్ల మీదున్నది." దోసిట్లో నీళ్లు మొహాన కొట్టుకున్నాడు. "నీకున్నదాన్ని లేదనుకొమ్మంటే పోతదా? ఉండనియ్."

ఒడ్డెక్కి వెళ్లిపోయాడు. గది ఖాళీ చేస్తాడనే అనుకున్నాను. మిగిలిన పేడనీళ్ల కుండతో తిరిగొచ్చి నా నెత్తిన గుమ్మరించాడు. "ఇగ నుంచి నువ్వు నాకు బావవి. పొడిగ పోతే మా ఊరోళ్లు నన్ను తిడ్తరు."

చల్లగా ఉన్నాయి. కంపు కొట్టాయి.

చివరిదాకా నన్ను బావా అనే పిలిచాడు. వాళ్లు పెళ్లి చేసుకున్నారు. నేను కొన్నాళ్లు ఒక స్త్రీతో, తర్వాత కొన్నాళ్లు ఒక పురుషుడితో ఉన్నాను. రెండు సంగతులూ మొదట అతనికే చెప్పాను. రెండుసార్లూ ఒకటే అడిగాడు: "తిండి మంచిగ తింటున్నవా, బావా?" వార్తల గురించి మాత్రం కచ్చితంగా ఉండేవాడు. "చూసింది పేపర్ల రాయి. అనుకున్నది నాకు ఫోన్ల చెప్పు," అనేవాడు. వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా ఆమె పెట్టిన అన్నం తిని, అతనితో వాకిట్లో కూర్చుని, ఇద్దరి మీదా కుళ్లుకుంటూనే తిరుగు బస్సెక్కేవాణ్ణి. అది తగ్గిందని రాస్తే అబద్ధం.

మర్నాడు బయల్దేరి సారపాక దాటి, గోదావరి వంతెన మీదుగా వాళ్ల ఊరు చేరేసరికి మధ్యాహ్నం. అతన్ని వాకిట్లో టార్పాలిన్ కింద మంచం మీద పడుకోబెట్టారు. అతని తలవైపు ఆమె చాప మీద కూర్చుని ఈగలు వాలకుండా విసురుతూ గట్టిగా ఏడుస్తోంది. అలా ఏడవడానికి ఆమెకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. నేను వార్త కోసం వచ్చిన విలేకరుల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. అప్పుడు కూడా ఆమెను చూసి కుళ్లుకున్నాను.

ఆమె తలెత్తి చూసింది. "గంత దూరం నిలబడ్డవేంది? ఇటు రా."

వెళ్లి పక్కన కూర్చున్నాను. గొంతు తగ్గించి అంది: "నువ్వంటే నాకెంత కుళ్లో తెల్సా నీకు? నీ ఫోనొస్తే చెప్పుల్లేకుండ బయటికురికేటోడు. ఏం మాట్లాడినవంటే, బావ సంగతులు నీకెందుకే అనేటోడు. ఒక్కనాడు చెప్పలే."

"నువ్వు అడగలేదా?"

"ఏమడుగుత? నాకు తెల్వదా?"

ఇదంతా ఆమెకు చదివి వినిపించాకే అచ్చుకు ఇస్తున్నాను.

విసనకర్ర నా చేతికిచ్చి ఆమె ముఖం తుడుచుకుంది. నేను విసిరాను. నా చెయ్యి గుంజినప్పుడు ఆమె అందుకుంది. ఆమె అలసినప్పుడు నేను. టార్పాలిన్ నీడ మంచం మీద నుంచి జరిగిపోయేదాకా అలా ఒకరి తర్వాత ఒకరం విసురుతూనే ఉన్నాం.