వంపు మీద రాతి వంతెన

గురునాథం ఎవరి దగ్గరా మాట పడడని, రైల్వే వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపు తాలూకు డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో అందరికీ తెలుసు. శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి వచ్చి, వర్క్‌షాపులో ఖలాసీగా చేరి, ఫిట్టరై, రిటైరయ్యేదాకా వ్యాగన్ల కిందే బతికాడు. రాతి పని ఎవరూ నేర్పలేదు. ఇంట్లో రుబ్బురోలు నున్నబడితే తనే ఉలి పట్టి గరుకు చేసేవాడు. మిగతాదంతా అలా చేతికి వచ్చిందే. నోటితో పని చేసేవాళ్ళంటే అతనికి ఒళ్ళుమంట.

అలాంటివాళ్ళలో మొదటివాడు బావమరిది మల్లేశ్వరరావు. రైలింజను డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఏ పెళ్లిలో కలిసినా ఒకటే దెప్పు: "మా బావ నిలబడ్డ బండిని సూసినోడు. నడిసే బండి సంగతి ఆయన్నడక్కండి."

తెలుగు సంఘం హాల్లో విశ్వకర్మ పూజకి ఏటా బొమ్మ రైలు నడుస్తుంది. పెద్ద బల్ల మీద స్టేషను, గుట్టలు, వాగు. రైళ్ళూ పట్టాలూ మల్లేశ్వరరావువి. రెండువేల పదమూడులో, ఆ వాగు మీద రాతి వంతెన కడతానన్నాడు గురునాథం.

"థర్మకోల్ కోసి ఇటుకల కాయితం అంటిస్తే సరిపోద్ది. ఎవడు సూస్తాడు?" అన్నాడు మల్లేశ్వరరావు.

"నాను సూస్తాను."

ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. గురునాథం టాటీబంధ్ పేటలో రాళ్ళ దుకాణం వెనక పారేసిన ఫర్షీ ముక్కలు, అదే నేలకి పరిచే నాపరాయి, సంచిలో మోసుకొచ్చాడు. ఒక్కో ముక్కనీ చింతగింజంత చేసి ఆకురాయితో అరగదీశాడు. అర్ధచంద్రంలా కోసిన చెక్క మీద రెండు వైపుల నుంచీ పేర్చుకొచ్చి, నడిమి రాయి దిగ్గొట్టి, చెక్క లాగేశాడు. జిగురు చుక్క లేకుండా, రాళ్ళు ఒకదాన్నొకటి నొక్కుకుని నిలబడ్డాయి. అలాంటి కమానులు మూడు. వాటి మీద చదునుగా ఒక వరస పేర్చి, పట్టాలున్న పాత పలకను దాని మీద ఆన్చి, పలక రెండంచులా చిన్న రాళ్ళతో, సున్నంతో పిట్టగోడ కట్టాడు. వాగు దగ్గర పట్టాలు వంపు తిరుగుతాయి. వంపు లోపలి అంచున పలక మీద ఏదో పెన్సిలు గీత కనిపించింది. వడ్రంగి గీసుంటాడనుకుని దాని మీదే సున్నం పూశాడు.

పూజ ముందురోజు పొద్దున సంఘం కార్యదర్శి శివాజీ, ఇంకో నలుగురూ చూస్తుండగా రైలు నడిపారు. గూడ్సు బండి నిక్షేపంగా దాటింది. గురునాథం చూసుకున్న కొలత దానిదే. తర్వాత పొడుగు పెట్టెల ఎక్స్‌ప్రెస్ వచ్చింది. వంపులో మొదటి పెట్టె నడుము లోపలికి జరిగి గోడని ఢీకొట్టింది. పెట్టె పక్కకి ఒరిగింది. జనం నవ్వారు.

మల్లేశ్వరరావు నవ్వలేదు. బీరువా వెనక నుంచి కోసి, కాయితం అంటించి సిద్ధంగా ఉంచిన థర్మకోల్ వంతెన తీసి బల్లకి ఆనించాడు.

"సాయంత్రానికి నీ రాళ్ళు తీసెయ్ బావా. రేపు పిల్లలొస్తారు."

"సాయంత్రం ఇంకా అవలేదు," అన్నాడు గురునాథం.

"సరే, సాయంత్రందాకా చూద్దాం," అన్నాడు శివాజీ. అందరూ పోయారు. మల్లేశ్వరరావు మాత్రం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

గురునాథం లోపలి గోడని ఒక్కో రాయీ ఊడదీశాడు. సున్నం గీకితే ఆ గీత మళ్ళీ బయటపడింది. పెట్టెని చేత్తో తోసి చూశాడు. దాని నడుము ఆ గీత వెంబడే కదిలింది.

"ఈ గీత నీదేనేటి?"

"నాదే. పెట్టె నడుంకి పెన్సిలు కట్టి తిప్పాను. వంపులో బండి ఎంత జాగా అడుగుద్దో అలాగే తెలుస్తాది."

"సెప్పలేదేం?"

"గీసి పెట్టాను కదా. దాని మీద గోడ కట్టినోడివి నువ్వు. అడిగావా?"

"థర్మకోల్ మాత్రం ముందే కోసుకున్నావు."

"నువ్వు అడగవని తెల్సు," అన్నాడు మల్లేశ్వరరావు.

గురునాథం మళ్ళీ గోడ వైపు వంగాడు. గోడ గీతకి అవతల నిలబడాలి. అక్కడ పలక లేదు, ఖాళీ. పలక కింది వరసలో రాళ్ళు కొన్ని తీసి, వాటి చోట పొడుగు రాళ్ళు దూర్చి, కొసలు బయటికి చూరుదూలాల్లా పొడుచుకొచ్చేలా పెట్టాడు. గోడని వాటి మీదికి జరిపాడు. మధ్యాహ్నం భార్య అన్నమ్మ కేరియరు పంపితే ముట్టలేదు. బల్ల కింద నేల మోకాళ్ళకి గుచ్చుకుంటుంటే, చేతికందింది లాక్కుని కిందేసుకున్నాడు. కుర్చీలో మల్లేశ్వరరావు అప్పటికి కునుకు తీస్తున్నాడు.

సాయంత్రం శివాజీ వచ్చాక మల్లేశ్వరరావే బండి నడిపాడు. మొదట నెమ్మదిగా. తగల్లేదు. తర్వాత ఎవరూ అడక్కపోయినా ఫుల్ స్పీడులో. పెట్టెకీ గోడకీ మధ్య బీడీ పట్టేంత సందు. అలా మూడుసార్లు తిప్పి, నాలుగోసారి ఇంకో పెట్టె తగిలించాడు. అదీ దాటింది.

"బస్, చాలు," అన్నాడు శివాజీ. "రాయే ఉండనీ."

మల్లేశ్వరరావు గది చుట్టూ చూశాడు. "నా థర్మకోలేదీ?"

గురునాథం వంగి, బల్ల కింద నుంచి అణిగిపోయిన తెల్లటి అట్టలాంటిదాన్ని తీశాడు. ఇటుకల కాయితం మీద రెండు మోకాళ్ళ గుంటలు.

"మెత్తగుంది," అన్నాడు. "నాను అడగనని నీకు తెల్సు కదా."

మర్నాడు పూజలో రైలు తిరుగుతున్నంతసేపూ ఇద్దరూ బల్లకి చెరో కొసనా నిలబడ్డారు. అన్నమ్మ ఇద్దరికీ ఒకే పళ్ళెంలో ప్రసాదం తెచ్చింది. ముందు ఎవరు చెయ్యి పెడతారా అని ఇద్దరూ చూస్తూ ఉండిపోతే, విసుక్కుని పిల్లలకి పంచేసింది.