దేవన్న ఎంచిన తూటా మందు

మా దేవన్నది జగిత్యాల దగ్గర పల్లె. బహ్రెయిన్ వచ్చి చాలా ఏళ్లయింది. రిఫా అవతల ఆయన కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, బూ జాసింకి లైసెన్సు ఉన్న చిన్న షూటింగ్ మైదానం ఉంది. పేల్చిన తూటాల ఇత్తడి గుల్లలు ఏరడం, కడగడం, రివాల్వర్లు తుడవడం దేవన్న డ్యూటీ. గల్ఫ్ అంతా దుబాయే అనుకునే భార్య చంద్రవ్వ మాత్రం ఊళ్లో "మా ఆయన దుబాయిల తుపాకుల ఆఫీసరు" అని అందరికీ చెప్పుకుంటుంది. దేవన్న ఏనాడూ కాదనలేదు.

బూ జాసిం మంచివాడే గానీ మహా పొదుపరి. కొత్త తూటాలు కొనాలంటే ఆయనకు ప్రాణం ఉసూరుమంటుంది. పాత గుల్లల్లోనే మళ్లీ మందు నింపి, ప్రాక్టీసుకు మెల్లగా పేలే తూటాలు తనే చేసుకుంటాడు. ఒకే గుల్లలో మందు రెండుసార్లు పడితే రివాల్వరే పగులుతుందని, ఆ గదిలోకి ఎవరినీ రానివ్వడు. ఫోను కూడా బయటే పెట్టి వెళ్తాడు.

ఈ మధ్య ఆయన బాగా చవక మందు ఒకటి పట్టుకొచ్చాడు. మందు కొంచెమే వేసే ఆ ప్రాక్టీసు తూటాల్లో అది సరిగ్గా కాలదు. గొట్టం నిండా మసి, తూటాల చక్రం చుట్టూ మసి. గురువారం సాయంత్రం ఆయన కాల్చుకుని ఇంటికి పోతే, శుక్రవారమంతా ఆ మసి గీకేది దేవన్న.

ఒక శుక్రవారమేమో కర్జకాన్ వైపు ఖాళీ జాగాలో పెద్ద వాలీబాల్ ఆట. మా క్యాంపు ఒక పక్క, లాండ్రీ భీమరాజు కోస్తా జట్టు ఒక పక్క. మాకు బంతి లేపి ఇచ్చేది దేవన్న.

"ఏమండీ దేవన్నగారూ, ఆటకొత్తారా, గొట్టాలు తోముకుంటారా?" అని భీమరాజు దారిలో ఆపి మరీ అడిగాడు.

"వస్త తియ్. నువ్వు ఇస్త్రీపెట్టె బంద్ జేసి రా. నేను లేకుంటే మావోళ్లకు బంతి లేపెటోడే లేడు."

ఆటకు ముందురోజు, గురువారం, బూ జాసిం రెండు డబ్బాలు తెచ్చాడు. ఒకటి పాత చవక మందు, రెండోది ధర కొంచెం ఎక్కువది, మసి తక్కువది. పోల్చి చూద్దామని, పుస్తకంలో చెప్పిన కొలతకే రెండింటితోనూ తూటాలు చేశాడు. "ప్రాక్టీసుకు చవకది చాల్లే" అని ముందే తేల్చేసుకున్నాడు కూడా. శుక్రవారం మసి గీకకుండా ఆటకు పోవాలంటే ఆయన మనసు రెండోదాని మీదికి మళ్లాలి. ఇక దేవన్నకు ఒకటే దారి కనిపించింది.

కాల్చేటప్పుడు కఫీల్ ఎప్పుడూ గోధుమరంగు కోటు వేసుకుంటాడు. దేవన్న దాన్ని మధ్యాహ్నం నీళ్లలో ముంచాడు. బహ్రెయిన్ ఎండకు అది ఇట్టే ఆరిపోయింది. మళ్లీ ముంచాడు. మళ్లీ ఆరింది. సాయంత్రం దాకా మనిషికి అదే పని.

"నా కోటేది?" అన్నాడు కఫీల్.

"ఉతికిన బాబా. ఇంక ఆరలే."

బూ జాసిం అటునుంచి అటే చుట్టాలింట్లో నిశ్చితార్థానికి పోవాలి. ఒంటిమీద మల్లెపువ్వులాంటి పొడుగు అంగీ. ముందు చవక తూటాలు పేల్చాడు. పొగ ముఖానికి కొట్టింది, అంగీ చేతి అంచు మీద మిరియాలు చల్లినట్టు మసి పడింది. తర్వాత చెయ్యి మార్చి రెండోవి పేల్చాడు. రెండో చెయ్యి తెల్లగానే ఉంది. ఆయన రెండు చేతులూ చూసుకున్నాడు, దేవన్నను చూశాడు.

"నువ్వేమంటావు?"

"నాకేం ఎర్క బాబా. గా రెండోది కొడితే మీ అంగీ పెండ్లికొడుకు అంగీ లెక్కున్నది."

కఫీల్ చాలాసేపు నవ్వాడు. "ఖలాస్. ఇదే వాడదాం."

దేవన్న కాళ్లు నేల మీద నిలవలేదు. రివాల్వర్లు రెండే గుడ్డముక్కలతో తుడిచేసి, పాట అందుకున్నాడు. అప్పుడే కఫీల్ ఫోను తీసి నేస్తాలందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. కొత్త మందు అద్భుతమట, కళ్లు మండవట, బట్టలు పాడవవట. రేపు జుమ్మా నమాజు కాగానే అందరూ రావాలట.

ఫోను పెట్టేసి దేవన్న వైపు తిరిగాడు. "రేపు గుల్లలు చాలా పడతాయి. నువ్వు ఉండాలి. ఓవర్‌టైం రాస్తాలే."

శుక్రవారం అరబ్బులంతా తెల్లటి అంగీల్లో హాయిగా కాలుస్తుంటే దేవన్న ఎండలో వంగి గుల్లలు ఏరాడు. ఆటలో దేవన్న బదులు బంతి లేపింది మా క్యాంపు పరమేశ్. పొద్దుగూకే వేళకు పరమేశ్ నుంచే ఫోను వచ్చింది.

"ఓడిన్రారా?" అన్నాడు దేవన్న, ఓదార్చేందుకు గొంతు సవరించుకుని.

"గెల్చినమే అన్నా. మస్తు గెల్చినం. అందరు ఒకటే మాట అంటున్నరు, నువ్వు వచ్చే వారం గూడ డ్యూటీకే పో."