గుల్షన్ శనక్కాయ పాలు

ఉదయగిరి బస్టాండులో టీ అంగడి పెట్టుకున్న ఇంటికి కోడలై వచ్చి, చుక్క పాలు నోట పెట్టకూడదంటే ఆ ఆడమనిషి బతుకు ఎట్టుంటాదో మీరే ఆలోచించండి. గుల్షన్ బతుకు అట్లానే అయింది. పొద్దున్నే అత్త మస్తాన్బీ పాలు కాచుకోని అంగడికి పోతే, ఆ వాసన మధ్యాహ్నం దాకా ఇంట్లోనే తిరుగుతా ఉంటాది.

సంగతేందంటే, గుల్షన్ బిడ్డ మెహతాబ్‌కు మూణ్ణెల్లు. విరేచనంలో నెత్తురు చారలు పడతన్నాయి. ఆత్మకూరు డాక్టరమ్మ చూసి, "నువ్వు తాగే బర్రెపాలు నీ పాలల్లో కలిసి వస్తన్నాయి, అవి బిడ్డకు సరిపడటం లేదు. పాలు, పెరుగు, మజ్జిగ, టీ అన్నీ మానెయ్. పదైదు రోజులు చూద్దాం. తగ్గకపోతే నీ పాలు ఆపి, మందుల షాపులో ఇట్టాంటి బిడ్డలకని అమ్మే డబ్బా పాలకు మారాల్సిందే" అనింది.

డబ్బా మాట వినేసరికి గుల్షన్‌కు దిగులు పట్టుకునింది. తల్లి లేదు. మొగుడు తౌఫీక్ లారీ ఎక్కితే నాగపూర్ దాటి ఎప్పుడొస్తాడో ఆయనకే తెలీదు. పగలంతా ఆ ఇంట్లో తనూ, బిడ్డా, తిరిగే ఫ్యానూ. తనను వెతుక్కునేది ఆ చిన్న నోరొకటే. దాన్నీ సీసాకు అప్పగిస్తే తనకింక ఏముంటాది?

అందుకని, బర్రెపాలు మానేసినా తన పాలు తగ్గకూడదని పంతం పట్టింది. ఫోన్లో చూసీ, సొంత తెలివి వాడీ, పాలు కాని పాలు చెయ్యడం నేర్చుకుంది. నానేసిన శనక్కాయ గింజల్ని నలిచి పొట్టు తీసి, మిక్సీలో మెత్తగా తిప్పి, పల్చటి గుడ్డలో పోసి పిండేది. సన్నసెగ మీద గరిటె ఆపకుండా కలిపేది. ఆపితే అడుగంటుతాది మరి. ఒకరోజు కొబ్బరి పాలు, ఇంకోరోజు మొలకెత్తిన రాగుల పాలు. మొదట్లో ఆశగా అత్తకొక గ్లాసిస్తే, ఆమె ఒక గుక్క తాగి మొహం చిట్లించి, "ఏందే ఇది, గోడకేసే సున్నం మాదిరి ఉండాది!" అని నవ్వేసి పోయింది. చెడ్డమనిషేం కాదు, అంగడి తొందర ఆమెది. మిగిలిన గ్లాసు గుల్షనే తాగేసి, ఒక్కతే కూచోని కాసేపు ఏడ్చింది.

శనక్కాయ పాలకు పచ్చివాసన ఒక పట్టాన పోదు. దానికొక ఉపాయం కనిపెట్టింది గుల్షన్: గ్లాసుకు ఒక చెంచా నెయ్యి. ఆ నెయ్యి ఎవరిదనుకున్నారు? బాలింతకు నలభయ్యో రోజు స్నానం నాటికి పుట్టింటి నుంచి నేతి డబ్బా రావాల. తల్లిలేని పిల్లకు ఎవరు తెస్తారులే అని అందరూ ఊరుకున్నారు. కలిగిరిలో మిషను కుట్టుకునే తండ్రి ఇషాక్, జన్మలో పొయ్యి మొహం చూడని మనిషి, బర్రెలుండే ఇళ్ల చుట్టూ తిరిగి వెన్న పోగుచేసి, తనే కాచి, బస్సెక్కి తెచ్చినాడు. వడగట్టాలని గూడా తెలీదు పాపం. "అడుగున ఎర్రటి గసి ఉండాదే, బలమంతా దాంట్లోనే. కలుపుకోని తినమ్మా" అని చెప్పి మరీ పోయినాడు.

గుల్షన్ కలుపుకోనే తినింది. పాలు మానమన్నారు గానీ నెయ్యి పాలెందుకవుతాది అనుకునింది. బాలింతకు నెయ్యి వద్దనే మాట ఆ ఇంట్లో ఎవరికీ కల్లో గూడా రాదు.

పన్నెండు రోజులైనా చారలు పోలా. "మొండికెయ్యబాక, డబ్బా పాలు పట్టు" అని తౌఫీక్ ఫోన్లో కసిరినాడు. పదైదో రోజు బిడ్డను ఎత్తుకోని ఒక్కతే ఆత్మకూరు బస్సెక్కింది.

"రోజంతా ఏం తింటావో, ఏం తాగుతావో వరసబెట్టి చెప్పు" అనింది నర్సు మహాలక్ష్మి. ఇన్నాళ్లకు అడిగే మనిషి దొరికిందని గుల్షన్ సంబరంగా చెప్పుకొచ్చింది. గింజలు నానెయ్యడం, పిండటం, కాచడం, చివర్లో చెంచా నెయ్యి. నర్సు పెన్ను ఆపింది.

"నెయ్యి దేంతో చేస్తారమ్మా?"

"వెన్నతో."

"వెన్న యాణ్ణించి వస్తాది?"

గుల్షన్‌కు అప్పుడు తట్టింది, వెన్న వచ్చేదీ ఆ బర్రెపాల్లో నుంచే గదా అని. గుడ్డలు పిండి పిండి చేతులు వాచిపోతే, తన చేత్తో తనే గసితో సహా కలుపుకోని తాగింది. ఎవర్నని తిట్టుకోవాల? డాక్టరమ్మ మంచిది. "నెయ్యి గూడా ఆపి ఇంకో పదైదు రోజులు చూద్దాం, నీ పాలు మాన్పించబాక" అని పంపించింది.

ఇంటికొచ్చి నేతి డబ్బా తీసి అత్త చేతిలో పెట్టింది. "ఈ నెయ్యే బిడ్డకు పడలేదని కలిగిరిలో మా అబ్బాకు మాత్రం తెలియనీబాకమ్మా" అనింది. మస్తాన్బీ ఆ పిల్ల మొహం చూసి డబ్బాను అటక మీద పెట్టింది.

నెయ్యి ఆపిన తొమ్మిదో రోజు బిడ్డ గుడ్డ మారుస్తా చూస్తే చార లేదు. మర్నాడూ లేదు. ఆ మర్నాడూ లేదు. గుల్షన్‌కు కేకేసి చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పాల? అత్త అంగడిలో ఉండాది. తౌఫీక్ ఫోను కలవలా. కలిగిరిలో తండ్రికి చేసింది.

"అబ్బా, బిడ్డకు తగ్గిపోయింది."

అవతల మిషను చప్పుడు ఆగింది. "యా అల్లా! నేను చెప్పలా? గసిలోనే బలమంతా ఉండాదని చెప్పలా?" అన్నాడు ఇషాక్. "మీ అమ్మ ఉంటే ఇంకెంత చేసుండునో. నాకు చేతనైంది నేను చేసినా గదమ్మా?"

నిజం గుల్షన్ నాలిక చివరిదాకా వచ్చింది. ఇన్నాళ్ల దిగులంతా చెప్పుకునేదానికి ఆమెకుండే మనిషి ఆయనొక్కడే. ఆయనకే చెప్పేదానికి లేకపాయె.

"చేసినావబ్బా" అనింది.

"అయితే ఇంకో డబ్బా కాస్తాలే. శుక్రవారం నేనే తెస్తా."

"తీసుకురా అబ్బా" అనింది గుల్షన్. "వచ్చినాక కాసేపుండి పోదువు గానీ."